పొగ తాగేవాళ్ల లెక్కలు – కూలివాళ్ల బతుకులు

నాట్ల కాలంలో మధ్యాహ్నం పూట ఏ ఊరి పొలం గట్టు మీదికైనా వెళ్లి చూడండి. క్యారేజీలు విప్పి అన్నాలు తిన్నాక కూలివాళ్లు ఓ పావుగంట చెట్టు కింద నడుం వాలుస్తారు. డెబ్బై ఏళ్ల ముసలాయన మొలలోంచి చుట్ట తీస్తాడు. నలభై, యాభై ఏళ్లవాడు చెవి సందున పెట్టుకున్న బీడీ తీసి ముట్టిస్తాడు. పాతికేళ్ల కుర్రాడు జేబులోంచి ఒకే ఒక్క సిగరెట్ తీస్తాడు. పెట్టె కొనే స్తోమత లేదు, కొట్లో విడిగా కొన్నది. ఇంకొకడు ఖైనీ నలిపి పెదవి కింద పెడతాడు. బడికి సెలవులని అమ్మ వెంట వచ్చిన పదిహేనేళ్ల పిల్లాడు వీళ్లందరి వంకా చూస్తూ కూర్చుంటాడు.

ఒకే గట్టు, ఒకే ఎండ, ఒకే కూలి. కానీ ఒక్కో వయసుకి ఒక్కో పొగ. ఆ చివర కూర్చున్న పిల్లాడు రేపు ఏది పడతాడు? అసలేమీ పట్టకుండా ఉండాలంటే ఏం జరగాలి?

పొగ తాగితే చస్తారని సినిమా హాల్లో చెబుతూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం. ఆ మాటే మళ్లీ చెప్పడం మా ఉద్దేశం కాదు. ఏ వయసువాళ్లలో పొగ తగ్గింది, ఎవరిలో తగ్గలేదు, ఎందుకు తగ్గలేదు అన్నది లెక్కలు ముందు పెట్టుకుని ఆలోచిద్దాం. లెక్కలంటే మనవాళ్లు కొంచెం జంకుతారు. కానీ మేస్త్రీ ఒక్క రోజు కూలి తక్కువ రాస్తే వేళ్ల మీద లెక్కపెట్టి నిలదీస్తామే! ఇదీ అలాంటి లెక్కే.

సర్వేలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర ఆరోగ్య శాఖ 2009-10లో ఒకసారి, 2016-17లో మరోసారి దేశమంతటా ఇళ్లకు మనుషుల్ని పంపి పొగాకు వాడకం మీద సర్వే జరిపించింది. 15 ఏళ్లు నిండినవాళ్లనే అడిగారు. మొదటి సర్వేలో నూటికి 34.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. రెండో సర్వే నాటికి అది 28.6కి దిగింది. కాల్చేవాళ్లను మాత్రమే తీసుకుంటే 14 నుంచి 10.7కి తగ్గారు. మగవాళ్లలో నూటికి 24.3 మంది పొగ తాగే స్థితి నుంచి 19కి వచ్చింది.

వయసుల వారీగా చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 15 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో పొగాకు వాడేవాళ్లు 9.6 శాతం నుంచి 3.9 శాతానికి పడిపోయారు. అంటే సగానికి పైగా తగ్గారు. 15 నుంచి 24 ఏళ్ల వాళ్లందరినీ కలిపి చూస్తే 18.4 నుంచి 12.4కి తగ్గారు. పొగాకు మొదలుపెట్టే సగటు వయసు కూడా 17.9 ఏళ్ల నుంచి 18.9 ఏళ్లకు జరిగింది. తగ్గుదల పెద్దవాళ్లలో కన్నా పిల్లల్లో ఎక్కువగా ఉంది. ఇది మంచి వార్త. మంచి వార్తని మంచి వార్త అని ఒప్పుకోవాలి.

కానీ సంబరపడే ముందు మరో లెక్క కూడా చూడాలి. ప్రభాత్ ఝా, ప్రకాశ్ గుప్తా తదితర పరిశోధకులు 1998 నుంచి 2015 వరకు మన దేశంలో బీడీ, సిగరెట్ల వాడకం ఎలా మారిందో లెక్కగట్టి 2016లో ప్రచురించారు. 1998లో 15-69 ఏళ్ల మగవాళ్లలో నూటికి దాదాపు 27 మంది పొగ తాగేవారు. 2010 నాటికి 24 అయ్యారు. మొత్తంగా తగ్గినట్టే. కానీ అదే కాలంలో 15-29 ఏళ్ల కుర్రాళ్లలో పొగ తాగడం పెరిగింది. ఆ వయసువాళ్లలో సిగరెట్ తాగేవాళ్ల శాతం ఏకంగా 4 రెట్లయింది! బీడీ కొద్దిగా తగ్గింది. 2015 నాటికి దేశంలో బీడీ తాగే మగవాళ్లు, సిగరెట్ తాగే మగవాళ్లు దాదాపు సమానమయ్యారు. శాతం తగ్గినా జనాభా పెరిగింది కాబట్టి తాగే మగవాళ్ల సంఖ్య 7 కోట్ల 90 లక్షల నుంచి 10 కోట్ల 80 లక్షలకు చేరింది.

రెండు లెక్కలూ ఒకదానికొకటి అడ్డం కావు. మొదట కంపెనీలు కుర్రాళ్లను పట్టుకున్నాయి. ఆ తర్వాతి ఏళ్లలో, వాళ్ల వెనక వచ్చిన పిల్లల దగ్గర వాటి పట్టు కొంత సడలింది. ఆ సడలింపు అందరి ఇళ్లల్లోనూ వచ్చిందా అన్నదే మన ప్రశ్న.

సగటు వెనక దాక్కున్నదెవరు?

ఆ పరిశోధనలోనే మనం కళ్లు తెరిచి చూడాల్సిన మాట ఒకటి ఉంది. పదో తరగతి, ఆ పైన చదివిన మగవాళ్లలో పొగ తాగడం కొంత తగ్గింది. చదువు రాని మగవాళ్లలో పెరిగింది. అందులోనూ బాగా పెరిగింది సిగరెట్టే.

సగటు అనేది ఇలాంటిదే. దొర చేతిలో 100 ఎకరాలు, కూలివాడి చేతిలో సున్నా ఉంటే సగటున తలా 50 ఎకరాలని రాస్తారు. చదువుకున్న ఇళ్లల్లో తగ్గింది, చదువు లేని ఇళ్లల్లో పెరిగింది, మొత్తం మీద కొద్దిగా తగ్గిందని కాయితం మీదికెక్కింది. మనం ఉన్నది ఆ సగటు కింద.

బడి పిల్లల మీద 2019లో జరిగిన జాతీయ సర్వే కూడా చూద్దాం. 13-15 ఏళ్ల విద్యార్థుల్లో నూటికి 8.5 మంది పొగాకు వాడుతున్నట్టు తేలింది. ఎప్పుడో ఒకప్పుడు బీడీ తాగి చూసిన పిల్లల్లో నూటికి 47 మంది పదేళ్లు నిండకముందే ఆ పని చేశారు. పదేళ్లంటే నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లాడు. అయితే ఈ సర్వే బళ్లలో జరిగింది. బడి మానేసి ఇటుక బట్టీకి వెళ్లినవాడు, గొర్రెల వెంట తిరిగేవాడు, పత్తి చేలో కాయ ఏరేవాడు ఈ లెక్కలోకే రాలేదు. బడిలో ఉన్నవాడి సంగతే అలా ఉంటే, బయట ఉన్నవాడి సంగతి ఎవరు రాయాలి? మనమే రాయాలి.

పిల్లాడి నోట్లోకి బీడీ ఎలా వస్తుందో మనకు తెలుసు. తాత మంచంలోంచే "ఒరే, పొయ్యి దగ్గరికెళ్లి ఈ బీడీ ముట్టించుకురారా" అంటాడు. పిల్లాడు నోట్లో పెట్టి ఒక్క దమ్ము లాగితే గానీ అది అంటుకోదు. అదే మొదటి పొగ. నాన్న "కొట్టుకెళ్లి కట్ట బీడీలు తేరా" అని డబ్బులిస్తాడు. షాపువాడికి అలవాటు, పిల్లాడికీ అలవాటు. ఆ తర్వాత పనికి పోతాడు, పెద్దవాళ్లతో సమానంగా మోస్తాడు, సమానంగా తాగుతాడు. బీడీ పడితేనే వాడు పనిలో మగాడైనట్టు! కూలి మాత్రం సగమే ఇస్తారు.

2016-17 సర్వేలో 15-17 ఏళ్లున్న పిల్లలు 2000 సంవత్సరానికి అటూ ఇటూ పుట్టినవాళ్లు. మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో ఉత్తర్వు ఇచ్చింది. మన రాష్ట్రంలో 2003లో మొదలైంది. 2010 ఏప్రిల్ నుంచి విద్యా హక్కు చట్టం వచ్చింది. ఈ పిల్లలు మిగతా తరాల కన్నా ఎక్కువ కాలం బల్లల మీద కూర్చున్నారు, తక్కువ కాలం గట్ల మీద కూర్చున్నారు. 2003 నాటి పొగాకు చట్టం, 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ నిషేధం, పెట్టెల మీద బొమ్మలు, ఇవన్నీ పని చేశాయి, కాదనం. కానీ పిల్లాడిని బీడీ నుంచి కాపాడిన పెద్ద గోడ బడి గోడే అని మా అభిప్రాయం. గోడ లేని చోట ఆ బొమ్మలు ఏం చేస్తాయి? విడిగా ఒక్క బీడీ, ఒక్క సిగరెట్ కొనేవాడు పెట్టె మీది బొమ్మ చూసేదెప్పుడు?

కూర్చునే హక్కు లేక పొగ

"కూలి డబ్బులన్నీ బీడీలకీ సారాకీ తగలేస్తారు, వీళ్లు బాగుపడరు" అని పెద్ద రైతులు అంటూ ఉంటారు. మనలో కూడా కొందరు తలూపుతారు. అసలు కూలివాడు బీడీ ఎందుకు పట్టాడు?

పనిలో ఊరికే కాసేపు కూర్చున్నవాణ్ని మేస్త్రీ "ఏరా, ఒళ్లు బరువెక్కిందా?" అంటాడు. అదే మనిషి బీడీ ముట్టించి కూర్చుంటే ఏమీ అనడు. "చుట్ట కాల్చుకునే సేపు" అన్నది మన ఊళ్లల్లో కాలానికి కొలత అయింది. అంటే ఏమిటి? పొగ తాగేవాడికి విరామం ఉంది, తాగనివాడికి లేదు. కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాడు దీన్ని రెండు రోజుల్లో కనిపెడతాడు. నడుం నిటారుగా చేసుకోవడానికి వాడికి దొరికిన ఒకే ఒక్క సాకు బీడీ.

రెండోది ఆకలి. పొగాకులోని నికోటిన్ ఆకలిని చంపుతుంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో పనిలోకి దిగేవాడికి పదకొండు గంటలకు ఒక బీడీ, ఒక గ్లాసు టీ పడితే రెండు గంటల దాకా నడుస్తుంది. కళ్లాల దగ్గర రాత్రిపూట నాలుగు బీడీలు పడేసి మరో గంట పని లాక్కున్న ఆసాములను మన పెద్దవాళ్లు బాగా ఎరుగుదురు. కూలి పెంచడం కన్నా బీడీ ఇవ్వడం చవక.

ఆడకూలీలకు ఆ "చుట్ట సేపు" కూడా లేదు. వాళ్లు వంగిన నడుం వంగినట్టే ఉంటుంది. ఉత్తరాంధ్రలో మాత్రం ఆడవాళ్లూ చుట్ట తాగారు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అది. గాలికి ఆరదు, బూడిద రాలదు, చేతులు పనిలోనే ఉంటాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తులను పరీక్షించిన డాక్టర్ల అధ్యయనం 1971లో వెలువడింది. వాళ్లలో నూటికి 43.8 మంది అడ్డపొగ తాగేవాళ్లే. నిప్పు సెగకి అంగిలి కమిలి, మచ్చలు పడి, కొందరికి అక్కడే క్యాన్సర్ పుట్టింది. అంగిలికి క్యాన్సర్ రావడం మిగతా చోట్ల అరుదు. మన ఆడవాళ్ల నోళ్ల పుణ్యమా అని అది ప్రపంచ వైద్య పుస్తకాలకెక్కింది.

ఆ శ్రీకాకుళం కథకి ఇంకో ముక్క ఉంది. 1970ల చివర్లో టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకు చెందినవాళ్లు కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, మనకు శ్రీకాకుళం, ఈ మూడు జిల్లాల్లో కలిపి 36,000 మంది పొగాకు వాడేవాళ్లతో పని మొదలుపెట్టారు. ఏడాదికోసారి వెళ్లి నోరు చూడటం, ఎదురుగా కూర్చుని మాట్లాడటం, సినిమాలు, పోస్టర్లు చూపించడం. అలా చెప్పిన చోట మానేసినవాళ్లు పెరిగారని 1986లో ప్రచురించారు. చదువు రాని పల్లె జనం చెబితే వినరన్న మాట అబద్ధమని అప్పుడే తేలింది. మనిషి దగ్గరికి మనిషి వెళ్లి, మళ్లీ మళ్లీ వెళ్లి చెబితే వింటారు. సంఘం పని చేసేవాళ్లకి ఈ పద్ధతి కొత్తదేమీ కాదు.

ఆడవాళ్లలో మార్పు తరాల మధ్య స్పష్టంగా కనబడుతుంది. దేశం మొత్తం మీద 1950కి ముందు పుట్టిన ఆడవాళ్లతో పోలిస్తే 1960 తర్వాత పుట్టినవాళ్లలో పొగ తాగేవాళ్లు సగమే. మగవాళ్లలో తరానికీ తరానికీ ఇంత తేడా లేదు. అమ్మలు మానగలిగారు, అయ్యలు మానలేదు.

"ఈ వయసులో మానేస్తే ఏం లాభం?"

పెద్దవాళ్ల దగ్గర ఎత్తితే మాకు వచ్చే జవాబు ఇది. "యాభై ఏళ్లు తాగాను, ఇంకేం మానతాన్రా అబ్బాయ్!" అంటారు. 45-59 ఏళ్ల మగవాళ్లలో మానేసినవాళ్లు దేశంలో నూటికి 5 మందే. ఒకడు మానేస్తే నలుగురు తాగుతూనే ఉన్నారు.

ఇంగ్లండులో రిచర్డ్ డాల్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 1951 నుంచి 50 ఏళ్ల పాటు వేలమంది డాక్టర్లనే పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. చిన్నప్పటి నుంచి సిగరెట్ తాగుతూ మానకుండా ఉన్నవాళ్లు సగటున పదేళ్లు ముందే పోయారు. 60 ఏళ్లకు మానినా 3 ఏళ్లు దక్కాయి. 50కి మానితే 6, 40కి మానితే 9, 30కి మానితే పోయే పదేళ్లూ దాదాపు మొత్తం దక్కాయి. అరవై ఏళ్ల మనిషికి మూడేళ్లంటే చిన్న సంగతా? మనవరాలి పెళ్లి చూసే మూడేళ్లు.

"బీడీ ఆకే కదా, సిగరెట్ లాగా కాదు" అనేవాళ్లూ ఉన్నారు. బీడీ ఊరికే ఆరిపోతుంది, అందుకని గట్టిగా, మాటిమాటికీ లాగాలి. మన దేశంలో సంభవించిన మరణాల మీద 2008లో వెలువడిన పెద్ద అధ్యయనం ప్రకారం బీడీ తాగే మగవాళ్లు సగటున 6 ఏళ్లు, ఆడవాళ్లు 8 ఏళ్లు, సిగరెట్ తాగే మగవాళ్లు 10 ఏళ్లు ఆయుష్షు పోగొట్టుకుంటున్నారు. అంటే తండ్రి బీడీ వదిలి కొడుకు సిగరెట్ పట్టడం బాగుపడటం కాదు. ఆరేళ్ల అప్పు తీర్చి పదేళ్ల అప్పు చేసినట్టు.

క్షయ సంగతి మరీ ముఖ్యం. తమిళనాడులో జరిపి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, పొగ తాగని మగవాళ్ల కన్నా తాగే మగవాళ్లు టీబీతో చనిపోవడం దాదాపు 4 రెట్లు ఎక్కువని తేలింది. మన పేటల్లో దగ్గేవాణ్ని చూసి "పొగ దగ్గులే" అని వదిలేస్తాం. రెండు వారాలు దాటిన దగ్గుని పొగ దగ్గని వదిలేయకూడదు. సర్కారు ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం, మందులూ ఉచితం. ఒక్క రోజు కూలి పోతుందని చూస్తే ఇంటి పెద్దే పోతాడు.

బీడీ చుట్టే చేతులు కూడా మనవే

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచుకుని లాభం లేదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు లక్షల మంది ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని తునికాకులో పొగాకు చుట్టి బతుకుతున్నారు. ప్రకాశం జిల్లాలో పచ్చాకు కొట్టి, అల్లి, బేరన్ల దగ్గర చెమటోడ్చే కూలీలున్నారు. తడి ఆకు ఒంటికి తగిలితే నికోటిన్ చర్మంలోంచి లోపలికి పోతుంది. తల తిరగడం, వాంతులు రావడం వాళ్లకి తెలిసిన బాధే. "బీడీ మానండి" అని మేమంటే "మరి మా కూడు?" అని ఆ అక్కలు అడుగుతారు. అడగాల్సిందే.

పొగాకు మీద లాభం తీసేది ఒకరు, దగ్గేది ఇద్దరు. చుట్టే అక్క దుమ్ము పీల్చి దగ్గుతుంది, తాగే అన్న పొగ పీల్చి దగ్గుతాడు. వీళ్లిద్దరికీ తగువు పెట్టడం యజమానికి లాభం. 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయంటే వాళ్లు సంఘం కట్టి అడిగారు కాబట్టే. బీడీ తగ్గుతున్న కాలంలో వాళ్లకి వేరే పని, పింఛను, పిల్లల చదువు చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ కోర్కె మన కోర్కెల పత్రంలో కూడా ఉండాలి. ఒకరి ఊపిరితిత్తుల్ని ఇంకొకరి కూడు కోసం తాకట్టు పెట్టమనడం మన రాజకీయం కాదు.

మనం చేయాల్సింది

మొదట మా సంగతి. సంఘం మీటింగు అంటే గది నిండా పొగ అన్న కాలం మేమూ చూశాం. రాత్రి పన్నెండు దాకా చర్చ, మధ్యలో బీడీ కట్ట చేతులు మారడం, మూలన కూర్చున్న ఆడవాళ్లు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవడం. పక్కన పిల్లలు నిద్రపోతుంటారు. బీడీ పంచుకోవడం స్నేహానికి గుర్తనుకున్నాం. టీబీతోనూ గుండెపోటుతోనూ నడివయసులో పోయిన కార్యకర్తల సంస్మరణ సభల్లో మళ్లీ బయటికెళ్లి బీడీలే ముట్టించాం. ఇది మానాలి. మీటింగు గదిలో పొగ ఉండకూడదని ప్రతి గ్రామ శాఖా తీర్మానం చేయాలి.

రెండోది, కూలి రేటుతో పాటు విరామం అడగాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం తర్వాత ఒకసారి, మగవాళ్లకీ ఆడవాళ్లకీ సమానంగా, నీడా మంచినీళ్లతో. బీడీ సాకు లేకుండా కూర్చునే హక్కు. ఇది వచ్చిన చోట కుర్రాడికి బీడీ పట్టాల్సిన అవసరం సగం పోతుంది.

మూడోది, పిల్లాణ్ని కొట్టుకి పంపొద్దు, బీడీ ముట్టించమని చెప్పొద్దు. 18 ఏళ్లలోపు వాళ్లకి పొగాకు అమ్మడం 2003 చట్టం ప్రకారమే నేరం. బడికి 100 గజాల లోపు అమ్మడమూ నేరమే. మన ఊరి బడి ఎదురు కొట్టుని మనమే కొలవాలి. కొట్టువాడు కూడా బీదవాడే, మర్యాదగా చెప్పాలి. వినకపోతే పంచాయతీకి వెళ్లాలి.

నాలుగోది, బడి మానేసిన పిల్లల పేర్లు పేట పేటకీ రాసుకుని తిరిగి బడిలో చేర్పించాలి. పై సర్వేలు లెక్కపెట్టని పిల్లాణ్ని ముందు మనం లెక్కపెట్టాలి.

ఐదోది, మానాలనుకున్నవాణ్ని ఎగతాళి చేయొద్దు. మొదటి వారం చిరాకు వస్తుంది, నిద్ర పట్టదు, ఆకలి వేస్తుంది. అప్పుడు పక్కన మనిషి కావాలి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే రోజున మానితే నిలబడుతుంది. సలహా కోసం ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు 1800-11-2356. 2018 నుంచి పెట్టెల మీద అచ్చు వేస్తున్నారు. విడిగా కొనేవాళ్లు చూసి ఉండరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

మళ్లీ ఆ గట్టు దగ్గరికి వద్దాం. ముసలాయన చుట్ట, నడివయసువాడి బీడీ, కుర్రాడి సిగరెట్ మనకు కనబడుతూనే ఉన్నాయి. ఆ చివర కూర్చున్న పిల్లాడి చేతులు ఇంకా ఖాళీగా ఉన్నాయి. సెలవులయ్యాక వాడు బడికి వెళ్తాడా, మేస్త్రీ వెంట వెళ్తాడా అన్నదాని మీదే వాడి చేతిలోకి ఏమొస్తుందన్నది ఆధారపడి ఉంది. బడి తెరిచే రోజున వాళ్లింటికి ఒక కార్యకర్త వెళ్లాలి. పని అక్కడ మొదలు పెడదాం.